నేల క్లాసులో వినపడిన మాట

మా నాయనమ్మ జన్మలో చూసిన ఇంగ్లీషు సినిమా ఒక్కటే. అది ఇంగ్లీషు సినిమా అని తెలియకుండానే బయలుదేరింది. "తెనాలిలో గాంధీగారి సినిమా ఆడుతోంది" అని బాబాయి కబురు తెచ్చాడు గాని, ఏ భాషలో ఆడుతోందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. గాంధీగారు సినిమాలో తెలుగు కాక మరేం మాట్లాడతారు? ‘లవకుశ’లో రాముడు తెలుగే కదా మాట్లాడాడు!

అది 1983 వేసవి. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి, మామిడికాయలకు కాపలా కాస్తున్న రోజులు. ఏప్రిల్లో ఆ సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయని పేపర్లో పడింది. ఢిల్లీలో అంతకు ముందు నవంబరు 30వ తేదీనే వేశారట. మా వైపు రావడానికి ఎండలు ముదరాల్సి వచ్చింది. ఇంగ్లీషు సినిమాలకు మా ఊళ్ళలో ఉదయం ఆట ఒక్కటే ఉండేది. మధ్యాహ్నం నుంచి మళ్ళీ మన హీరోలు, మన పాటలు. గాంధీగారికి కూడా ఆ ఉదయం ఆటే దక్కింది.

మా ఊరి నుంచి తెనాలి ఆరు మైళ్ళు. బస్సు ఉంది గాని నాయనమ్మకు బస్సు పడదు, పెట్రోలు వాసనకు కడుపులో తిప్పుతుందనేది. అందుకని గూడుబండి కట్టించారు. నాయనమ్మ, అమ్మ, నేను, బాబాయి. తోలింది మా పాలేరు. ఆయన పేరు ఇక్కడ రాయను, మనవలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. మా నాన్నకంటే పెద్దవాడు. అయినా నాయనమ్మ ఆయన్ని "ఏరా" అనే పిలిచేది. నాకు అప్పట్లో అందులో వింతేమీ కనిపించలేదు.

ఆలస్యంగా చేరాం. కారణం నాయనమ్మ రామకోటి. రోజూ స్నానం చేసి, మడి కట్టుకుని, గళ్ళ పుస్తకంలో ‘శ్రీరామ’ అని వెయ్యిసార్లు రాస్తే గాని ఆమె గడప దాటదు. ఆ రోజు బాబాయి పెరట్లోకీ వాకిట్లోకీ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. "అమ్మా, ఈ ఒక్కరోజూ ఐదువందలతో సరిపెట్టకూడదా?" అన్నాడు. "రాముడు వనవాసాన్ని ఏడేళ్ళతో సరిపెట్టాడా?" అన్నది కలం ఎత్తకుండానే. బాబాయి నోరు మూసుకున్నాడు. గుంటూరులో బి.ఏ. చదువుతున్న ఆయనకు లోకంలో ఎవరితోనైనా వాదించే శక్తి ఉండేది, వాళ్ళమ్మతో తప్ప.

నాయనమ్మకు గాంధీగారంటే ఉన్న భక్తికి ఒక చెవి ఆధారం. నిజంగానే చెవి. 1929లో ఖద్దరు నిధి కోసం గాంధీ ఆంధ్రదేశమంతా తిరిగారు. కృష్ణా జిల్లాలో తిరుగుతున్నప్పుడు వాళ్ళ అమ్మ ఈవిడను బండిలో తీసుకువెళ్ళింది. ఈవిడకు పన్నెండో పదమూడో ఏళ్ళు. జనం, దుమ్ము, జేజేలు. పెద్దవాళ్ళ భుజాల సందులోంచి ఒక్క క్షణం ఒక పెద్ద చెవి కనిపించిందట. అంతే. వాళ్ళమ్మ మాత్రం ఎలాగో ముందుకు తోసుకుపోయి చేతి గాజు తీసి ఇచ్చి వచ్చింది. తిరిగి వస్తూ "ఆయన రామనామం చేసే మనిషి, బంగారం ఇచ్చినా దోషం లేదు" అని కూతురికి చెప్పిందట. గాజు సంగతి ఇంట్లో మగవాళ్ళకు చాలా రోజులు తెలియనివ్వలేదని కూడా నాయనమ్మ చెప్పేది, గొంతు తగ్గించి, యాభై ఏళ్ళ తర్వాత కూడా.

కనుక ఆమె సినిమాకు వెళుతున్నది మిగిలిన ముఖం చూడడానికి, రామా అనడం వినడానికి.

కాలువ వంతెన దాటాక బాబాయి మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. తీసింది ఇంగ్లండువాడు, అటెన్‌బరో. ఇరవై ఏళ్ళు ఈ సినిమా కోసమే తిరిగాడు. వేషం వేసింది కూడా ఇంగ్లండు నటుడే. నాయనమ్మ ముఖం మాడిపోయింది. "తెల్లవాడు గాంధీగారా? వాళ్ళను పంపించడానికే కదరా ఆయన అన్ని తిప్పలు పడ్డాడు?" బాబాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: బెన్ కింగ్స్‌లీ అసలు పేరు కృష్ణ, తండ్రి వైపు గుజరాతీ మూలాలు. నాయనమ్మ కాసేపు ఆలోచించింది. "కృష్ణుడా. అయితే సరే" అన్నది. దశావతారాల్లో ఒకరు ఇంకొకరి వేషం వేస్తే ఆమెకు అభ్యంతరం లేదు. భాష సంగతి మాత్రం హాలు కనిపించేదాకా ఆయన చెప్పనే లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది జనవరిలోనే ఎన్.టి.ఆర్. ముఖ్యమంత్రి అయ్యారు. నాయనమ్మ లెక్కలో అది ఎన్నిక కాదు, పట్టాభిషేకం. ‘లవకుశ’ ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. తెర మీద రాముడు కనిపించగానే చేతులు జోడించేది. మరుసటి ఏడాది జనవరిలో అదే రాముడు గ్రామాధికారుల వ్యవస్థ రద్దు చేస్తే మా ఇంట్లో తరతరాల కరణీకం ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. అప్పుడు కూడా ఆమె "సీతమ్మనే అడవికి పంపినవాడు, మనమెంత" అని ఊరుకుంది. మా నాన్న ఊరుకోలేదు. అది వేరే కథ.

హాల్లోకి వెళ్ళేసరికి తెర మీద రైలు. సూటు వేసుకున్న కుర్ర గాంధీని పెట్టెలోంచి సామానుతో సహా ప్లాట్‌ఫారం మీదికి తోసేస్తున్నారు. బాబాయి తల పట్టుకున్నాడు. ఆ సినిమా గాంధీ హత్యతో మొదలవుతుంది, ఆ వెంటనే అంతిమయాత్ర. ఆ ఊరేగింపు కోసం 1981 జనవరి 31న ఢిల్లీలో మూడు లక్షలకు పైగా జనాన్ని పోగుచేశారని ఆయన ఏదో పత్రికలో చదివి, వారం రోజులుగా మాకు వర్ణించి చెబుతున్నాడు. ఆ మూడు లక్షల మందీ రామకోటిలో కొట్టుకుపోయారు.

పాలేరుకు నాయనమ్మ డబ్బులిచ్చి నేల టిక్కెట్టు కొనుక్కోమంది. మేం కుర్చీలో. నేల అంటే తెర ముందు నిజంగా నేలే. మెడ వెనక్కి విరిచి చూడాలి. ఉదయం ఆట కాబట్టి నేల సగం ఖాళీ. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మొదటి వరుసలో కూర్చోవడం మాకు కనిపిస్తూనే ఉంది.

బాబాయి తర్జుమా మొదలుపెట్టాడు. మొదట్లో ప్రతి వాక్యం చెప్పేవాడు. వెనకవాళ్ళు విసుక్కున్నారు. తర్వాత పది మాటలకు ఒక మాట. నాయనమ్మకు అదీ అక్కరలేకపోయింది. మనుషుల ముఖాలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మరుగుదొడ్డి ఎత్తిపోయనన్నందుకు దక్షిణాఫ్రికాలో కస్తూర్బాను గాంధీ గేటు దాకా ఈడ్చుకుపోయిన ఘట్టం వచ్చింది. బాబాయి ఉత్సాహంగా సమానత్వం గురించి గొణుగుతున్నాడు. నాయనమ్మ కుర్చీలో అటు జరిగింది, ఇటు జరిగింది. "ఆయన చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. ఆడమనిషిని ఈడ్చడం దేనికి?" అన్నది గట్టిగానే. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూసి, ఏమనుకున్నాడో, తల ఊపాడు. గాంధీగారు తన ఆత్మకథలో సరిగ్గా ఆ సంగతికే సిగ్గుపడి రాసుకున్నారని నాకు తర్వాత తెలిసింది. నాయనమ్మ, గాంధీ ఆ విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చినట్టే.

జలియన్‌వాలాబాగ్ దగ్గర ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తూటాల మోత ఆగాక హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. విశ్రాంతిలో గోలీసోడా తాగుతూ కూడా మేం మాట్లాడుకోలేదు.

ఉపవాసాల దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మకు ప్రాణం లేచి వచ్చింది. అది ఆమె చదువుకున్న పాఠం. నెలకు రెండు ఏకాదశులు, కార్తీక సోమవారాలు. తెర మీద ఆయన మంచంలో ముడుచుకుని పడుకుంటే ఈవిడ మాకు తర్జుమా చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు తలనొప్పి వస్తుంది. రెండో రోజు కోపం వస్తుంది. మూడో రోజు ఆకలి చచ్చిపోయి నోరు చేదవుతుంది. "అదుగో, పెదవులు తడుపుకుంటున్నాడు చూడు, అది మూడో రోజు" అన్నది. కలకత్తాలో ఆ ఉపవాసం 1947 సెప్టెంబరులో మూడు రోజులే సాగిందని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివి నేను నవ్వుకున్నాను.

ఆ మంచం దగ్గరికే ఓం పురి వస్తాడు. తన కొడుకును చంపారని పగతో ఒక ముస్లిం బిడ్డను చంపిన హిందువు. తనకు నరకమే గతి అంటాడు. గాంధీ దారి చెబుతాడు: తల్లిదండ్రులు పోయిన బిడ్డను ఒకణ్ణి తెచ్చి పెంచుకో, కాని ఆ బిడ్డ ముస్లిం అయి ఉండాలి, ముస్లింగానే పెంచాలి. బాబాయి గొంతు బొంగురుపోయింది, అయినా పొల్లుపోకుండా చెప్పాడు. నాయనమ్మ చాలాసేపు పలకలేదు. "ముస్లింగానే పెంచమన్నాడా?" అని రెండుసార్లు అడిగింది. "అవునమ్మా." "అది చాలా కష్టం" అన్నది. మంచిదనలేదు, చెడ్డదనలేదు. ఆమెకు నోములూ వ్రతాలూ తెలుసు గనక ఏది కష్టమో తెలుసు.

చివరికి ఆ సాయంకాలం ప్రార్థన. మనవరాళ్ళ భుజాల మీద చేతులు వేసుకుని నడిచి వస్తున్నాడు. నాయనమ్మ ముందుకు వంగి రెండు చేతులూ జోడించింది. తుపాకి పేలింది. ఏదో మాట. తర్వాత నది, చితాభస్మం, పూలు. లైట్లు వెలిగాయి. నాయనమ్మ చేతులు అలాగే ఉన్నాయి.

"రామా అనలేదేమిరా?"

బాబాయి ఆవలించినట్టు నటించాడు. "అన్నాడమ్మా. ఇంగ్లీషులో అన్నాడు. ‘ఓ గాడ్’ అన్నాడు. గాడ్ అంటే దేవుడే."

"దేవుడంటే ఎవరు?"

"దేవుడంటే... దేవుడే."

"పేరు లేకుండా పిలిస్తే ఎవరు పలుకుతారురా?"

పరదేశాలవాళ్ళకు రాముడు తెలియదు గనక అలా పెట్టారని బాబాయి సర్దిచెప్పబోయాడు. అదే ఆయన చేసిన తప్పు. "వాళ్ళకు తెలియాలని చచ్చిపోయేవాడి నోట్లో మాట మారుస్తారా?" అన్నది. జనం కుర్చీల మధ్య దారి కోసం నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. అమ్మ నా చేయి పట్టుకుని బయటకు లాగింది.

ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. ఇంటరు చదివేటప్పుడు ‘సత్యశోధన’ చదివాను. చిన్నతనంలో దయ్యాలంటే భయపడే మోహన్‌దాస్‌కు రంభ అనే దాది రామనామం మందుగా నేర్పింది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. పిడుగు పడితే ‘అర్జున, ఫల్గుణ’, చీకట్లో పెరట్లోకి పోవాలంటే ‘శ్రీరామ’. నాకు నాయనమ్మ నేర్పిన విద్య అదే. సినిమాలో నాకు దూరంగా, గొప్పగా కనిపించిన మనిషి ఆ ఒక్క పేరాతో మా పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. అటెన్‌బరో సినిమాలో సత్యాగ్రహం ఉంది, ఉప్పు ఉంది, జైళ్ళు ఉన్నాయి. చీకటికి భయపడి రాముణ్ణి పట్టుకున్న పిల్లవాడు లేడు. మూడు గంటల పైచిలుకు సినిమాలో అన్నీ పట్టవన్నది నిజమే. నాయనమ్మకు మాత్రం అదే సినిమా, మిగిలినదంతా వార్తాచిత్రం.

ఆ రాముడు నాయనమ్మ రాముడేనా అంటే, కాడేమో. తన ప్రార్థనలోని రాముడు దశరథుడి కొడుకైన చారిత్రక పురుషుడు కాదని, పుట్టుకే లేనివాడని గాంధీ రాశారు. ఈ మాట చదివి వినిపిస్తే నాయనమ్మ చెవులు మూసుకునేది. ఆమె రాముడికి తండ్రి ఉన్నాడు, సవతి తల్లి ఉంది, భద్రాచలంలో ఏటా పెళ్ళి జరుగుతుంది. అందులో ఏ ఒక్కటి తీసేసినా ఆమెకు ఒప్పుదల కాదు. ఆయన ప్రార్థనల్లో గీత రెండో అధ్యాయంలోని స్థితప్రజ్ఞుడి శ్లోకాలూ ఖురాను వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి చదివేవారు. ఆ సంగతి నేను చెప్పినప్పుడు "చదివితే చదివారు, మధ్యలో రామ అన్నారు కదా" అని తేల్చేసింది.

అసలు ఆ రోజు ఆయన ‘హే రామ్’ అన్నారా అన్నదే తగాదా. పక్కనే ఉన్న మనుబెన్ అన్నారనే రాసింది. అక్కడే ఉన్న కార్యదర్శి కల్యాణం తనకు ఆ మాట వినపడలేదని చెప్పారు. రాజ్‌ఘాట్‌లో నల్లరాతి మీద మాత్రం ఆ రెండు మాటలే చెక్కి ఉన్నాయి. నేను మొదటిసారి ఢిల్లీ వెళ్ళినప్పుడు ఎండకు కాలుతున్న బండల మీద చెప్పుల్లేకుండా గబగబా నడిచి వెళ్ళి ఆ అక్షరాలు చూశాను. నాయనమ్మ అప్పటికి లేదు.

ఆమె ఉన్నప్పుడే ఇంకో తమాషా జరిగింది. 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’ వచ్చింది. అక్కినేని పక్కన భార్యగా వేసిన రోహిణీ హట్టంగడిని చూసి, "ఈవిడ గాంధీగారి ఇల్లాలు కదూ?" అన్నది. ఎనిమిదేళ్ళ కిందట ఉదయం ఆటలో ఒకే ఒక్కసారి చూసిన ముఖం. "ఈ మొగుడు నయం, ఈడ్చలేదు" అని కూడా అన్నది.

ఈ మధ్య ఆ సినిమా మళ్ళీ ఇంట్లో టీవీలో పెట్టుకుని, ఈసారి మొదటినుంచీ చూశాను. మేం పోగొట్టుకున్న మూడు లక్షల జనాన్ని చూశాను. బాబాయి చెప్పినదానికంటే గొప్పగానే ఉంది. ఇంకొకటి కూడా కనిపించింది, అంటే కనిపించకపోవడం. అంబేడ్కర్ లేడు. 1932లో ఎరవాడ జైలు ఉపవాసం, పూనా ఒప్పందం లేవు. మరుసటి ఏడాది అంటరానితనం మీద దేశమంతా, మన ఆంధ్ర జిల్లాల్లో కూడా, ఆయన తిరిగిన తిరుగుడు లేదు. గాంధీ హిందూ ధర్మంతో అన్నిటికంటే పెద్ద పోట్లాట పెట్టుకున్నది అక్కడ కదా. నాయనమ్మకు సినిమాలో రాముడు లేకపోవడం ఒక్క క్షణంలో పట్టుబడింది. ఈ రెండో లోటు పట్టుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళకు పైనే పట్టింది. ఆ రోజు మా బండిలో దాన్ని కనిపెట్టగల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన ఎడ్లను తోలుతున్నాడు.

తిరుగు దారిలో ఎండ నెత్తిమీదికి వచ్చింది. కాలువలు కట్టేసిన రోజులు, అడుగున బురద నెర్రెలు విచ్చి ఉంది. బాబాయి మూతి ముడుచుకుని బండి వెనక కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. నాయనమ్మ గూడు ముందు వైపు జరిగింది.

"ఏరా, నువ్వు తెర దగ్గరే కూర్చున్నావుగా. తుపాకి పేలాక ఆయనేమన్నాడు?"

పాలేరు వెంటనే పలకలేదు. ఎడ్లను అదిలించాడు. తలపాగా సర్దుకున్నాడు.

"రామా అన్నాడండి అమ్మగారూ."

"నీకు వినపడిందా?"

"బాగా వినపడిందండి. ముందున్నాంగా మేం. మీకు వెనకాల వినపడి ఉండదు."

బాబాయి ఏదో అనబోయాడు. అమ్మ ఆయన భుజం మీద చేయి వేసింది. నాయనమ్మ వెనక్కి జరిగి గూడుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇల్లు చేరేదాకా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక ఆయన ఎడ్లను విప్పి కుడితి పెట్టి, వసారా చూరులో గుచ్చి ఉన్న తన సత్తు గ్లాసు తీసుకుని మెట్టు కింద నిలబడ్డాడు. నాయనమ్మ మజ్జిగ చెంబు తెచ్చి, మెట్టు మీద నిలబడి, తగలకుండా పైనుంచి పోసింది. ఆయన తాగాక, అడగకుండానే రెండోసారి కూడా పోసింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. చెంబుకూ గ్లాసుకూ మధ్య ఎత్తు మాత్రం అంతే ఉంది.